పద్దెనిమిది దాటాక సైటు రాదనుకుంటున్నారా?

దసరా సెలవులకి మీ అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం అందరూ కూర్చుని టీవీ చూస్తున్నారు. తెర కింద పరిగెత్తే అక్షరాలు చదవడానికి పిల్ల కళ్ళు చిట్లించింది. "ఏవిటే, అలా చూస్తావు?" అన్నారు మీరు. "ఏం లేదమ్మా, నిద్ర చాల్లేదు" అంది. మర్నాడు బస్టాండుకి వెళ్తే, బస్సు బాగా దగ్గరికి వచ్చేదాకా అది ఏ ఊరి బస్సో చెప్పలేకపోయింది. మీకు అనుమానం తగిలింది. కానీ మీకు మీరే సర్దిచెప్పుకున్నారు. "పంతొమ్మిదేళ్ళొచ్చాయి. చిన్నప్పుడు రాని సైటు ఇప్పుడెందుకొస్తుందిలే" అని.

వస్తుంది. ఉన్న సైటు ఇంకా పెరుగుతుంది కూడా. ఇంటర్ దాటితే నెంబరు ఆగిపోతుందన్న నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా ఉంది గానీ, అది అందరి విషయంలోనూ నిజం కాదు.

మీ సైటు వేరు, పిల్ల సైటు వేరు

"సైటు వచ్చింది" అంటే చాలు, ఏ సైటో మనం అడగం. నలభై దాటిన మీకు సూదిలో దారం ఎక్కకపోయినా సైటే, ఇరవయ్యేళ్ళ పిల్లకి బోర్డు కనబడకపోయినా సైటే. మీది వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కి వచ్చేది, దానికి ప్లస్ నెంబరు. పిల్లది హ్రస్వదృష్టి. డాక్టర్లు మయోపియా అంటారు. దగ్గరవి చక్కగా కనిపిస్తాయి, దూరంగా ఉన్నవి మసకమసకగా ఉంటాయి. చీటీ మీద మైనస్ గుర్తు వేస్తారు. మైనస్ అర పాయింటు నుంచే దీన్ని హ్రస్వదృష్టిగా లెక్కగడతారు.

చాలామందిలో దీనికి కారణం కనుగుడ్డు వెనక్కి పొడుగు సాగడం. పెద్దవాళ్ళ కన్ను ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకన్నా ఒక్క మిల్లీమీటరు సాగితే చాలు, దాదాపు రెండున్నర నుంచి మూడు పాయింట్ల నెంబరు వచ్చేస్తుంది. సాగిన ఎలాస్టిక్ మళ్ళీ బిగుతవదు చూడండి, కన్ను కూడా అంతే. కళ్ళజోడు పెట్టుకుంటే చూపు సరిగ్గా ఆనుతుంది గానీ, కన్ను పొట్టిది కాదు.

అద్దం కాస్త మందమైతే ఏం కొంపమునిగింది అనుకోకండి. కన్ను సాగినకొద్దీ లోపల ఉన్న రెటీనా పొర కూడా లాగబడి పల్చబడుతుంది. మైనస్ ఆరు దాటినవాళ్ళకి రెటీనా ఊడిపోవడం, నీటికాసులు, చిన్న వయసులోనే శుక్లాలు, చూపుకి కీలకమైన మాక్యులా దెబ్బతినడం లాంటి ప్రమాదాలు మిగతావాళ్ళకన్నా ఎక్కువ. ఒక్క పాయింటు పెరగకుండా ఆపగలిగినా ఈ మాక్యులా జబ్బు వచ్చే అవకాశం 40 శాతం తగ్గుతుందని 2019లో నిపుణులు లెక్కకట్టారు. అంటే నాలుగు ఉన్న పిల్లకి ఐదు కాకుండా చూసుకోవడం కూడా చిన్న విషయమేం కాదు.

ఇరవైకీ ఇరవై ఎనిమిదికీ మధ్య

పెద్దయ్యాక సైటు వస్తుందా అన్నదానికి మంచి జవాబు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం నుంచి వచ్చింది. అక్కడ 1989లో కొంతమంది గర్భిణుల్ని ఎంచుకుని, వాళ్ళకి పుట్టిన పిల్లల ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. రెయిన్ స్టడీ అని దాని పేరు. ఆ పిల్లలకి ఇరవయ్యో ఏట కళ్ళు పరీక్షించారు, ఇరవై ఎనిమిదో ఏట మళ్ళీ పరీక్షించారు. ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. ఇరవయ్యో ఏట హ్రస్వదృష్టి లేనివాళ్ళలో నూటికి 14 మందికి ఆ ఎనిమిదేళ్ళలో కొత్తగా వచ్చింది. మొత్తం మీద నూటికి 37 మందికి పైగా కనీసం ఒక కంట్లో అర పాయింటో అంతకు మించో మైనస్ వైపు జరిగారు. చిన్నపిల్లల్లో పెరిగినంత వేగంగా కాదులెండి, నెమ్మదిగానే. కానీ ఆగలేదు.

ఎవరికి ఎక్కువగా వచ్చింది? తల్లిదండ్రులకి హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకి. తూర్పు ఆసియా జాతులవాళ్ళకి. ఎండ తక్కువ తగిలినవాళ్ళకి. ఇంకా, ఆడవాళ్ళకి.

ఎండ ఎంత తగిలిందో వాళ్ళు ఎలా కనిపెట్టారో చెప్తే మీకు ముచ్చటేస్తుంది. "రోజూ ఎంతసేపు బయట ఉంటారు?" అని అడిగితే ఎవరైనా నోటికొచ్చింది చెప్తారు కదా. అంచేత ప్రత్యేకమైన కెమెరాతో తెల్లగుడ్డు మీద ఫోటోలు తీశారు. ఏళ్ళ తరబడి ఎండ తగిలిన గుర్తు ఆ ఫోటోలో మెరుస్తుంది. ఆ మెరుపు తక్కువున్న కళ్ళకి సైటు ఎక్కువగా వచ్చింది.

ఆడపిల్లలకి ఎందుకు ఎక్కువో ఆ పరిశోధన తేల్చలేదు. పెర్త్ సంగతి పెర్త్‌కి వదిలేద్దాం. మన ఇళ్ళ సంగతి మనకి తెలుసు. సాయంత్రం ఐదైతే మగపిల్లాడు బ్యాటు పట్టుకుని వీధిలోకి పోతాడు. ఆడపిల్లని "ఎక్కడికే ఎండలో, నల్లబడతావు" అని లోపలికి పిలుస్తాం. నల్లబడితే సంబంధాలు రావని భయం. ఆ నీడపట్టునే కూర్చోబెట్టి చదివిస్తాం. చివరికి మైనస్ నాలుగు కళ్ళజోడు వచ్చాక, దాన్ని చూసి సంబంధాలు రావేమోనని మళ్ళీ భయపడతాం!

వెలుతురు సంగతి

ఆరుబయట వెలుతురుకీ కంటి ఎదుగుదలకీ సంబంధం ఉందని ఇప్పుడు చాలావరకు ఒప్పుకుంటున్నారు. మంచి వెలుతురు తగిలితే రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందనీ, అది కన్ను అతిగా సాగకుండా అదుపు చేస్తుందనీ శాస్త్రవేత్తల అభిప్రాయం. ట్యూబ్‌లైట్ వేసిన గదిలో వెలుతురు కొలిస్తే మహా అయితే మూడు నాలుగు వందల లక్స్ ఉంటుంది. ఎండపూట డాబా మీద అదే 50 వేలు దాటిపోతుంది. వేపచెట్టు నీడలో నిలబడినా, టోపీ పెట్టుకున్నా, గదిలో వెలుతురుకి ఎన్నో రెట్లు. కాబట్టి పిల్లని ఎండలో మాడ్చనక్కర్లేదు, ఆకాశం కింద ఉంటే చాలు. నల్లబడుతుందన్న బెంగ ఉంటే గొడుగు ఇవ్వండి. అపార్ట్‌మెంట్ బాల్కనీ గదికన్నా మెరుగే గానీ డాబాకి సాటిరాదు.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి పిల్లల్ని, ఆరేడేళ్ళ వయసువాళ్ళని పోల్చి చూశారు. 2008లో వచ్చింది ఈ లెక్క. రెండుచోట్లా తల్లిదండ్రులకి సైటు ఇంచుమించు ఒకేలా ఉంది. సింగపూర్ పిల్లల్లో నూటికి 29 మందికి హ్రస్వదృష్టి ఉంటే, సిడ్నీ పిల్లల్లో ముగ్గురికే ఉంది. పుస్తకాలు చదవడంలో సిడ్నీ పిల్లలేం తీసిపోలేదు. వారానికి పదమూడు గంటలకి పైగా ఆరుబయట గడుపుతున్నారు, అంతే. సింగపూర్ పిల్లలకి దొరికింది మూడు గంటలే.

చైనాలోని గ్వాంగ్‌ఝౌలో అయితే ఒకటో తరగతి పిల్లల్ని రోజూ బడిలో అదనంగా 40 నిమిషాలు బయటికి పంపి చూశారు. మూడేళ్ళు గడిచాక, బయటికి పంపని బళ్ళలో నూటికి 39 మందికి పైగా కొత్తగా సైటు వస్తే, పంపిన బళ్ళలో 30 మందికి వచ్చింది. పూర్తిగా ఆగలేదు, తగ్గింది. ఇక్కడ ఒకమాట దాచకుండా చెప్పాలి. వెలుతురు వల్ల లాభం సైటు రాకముందు ఎక్కువ, వచ్చాక పెరగకుండా ఆపడంలో తక్కువ. అంచేత పెద్దమ్మాయికి వచ్చిందని బాధపడుతూ కూర్చోకుండా, ఇంకా రాని చిన్నదాన్ని ఈ సాయంత్రమే బయటికి పంపించండి.

చదువు పాపమా?

చదువు ఎక్కువైనకొద్దీ సైటు ఎక్కువన్నది నిజమే. బ్రిటన్‌లో వేలాదిమంది జన్యువుల వివరాలతో 2018లో చేసిన లెక్కలో, ఒక్కో ఏడాది చదువుకీ సుమారు పావు పాయింటు చొప్పున నెంబరు పెరుగుతుందని తేలింది. దక్షిణ కొరియాలోని సియోల్‌లో 2010లో సైన్యం పరీక్షలకి వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళలో నూటికి 96 మందికి పైగా హ్రస్వదృష్టి ఉంది. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు ఇంకా కొత్తగా వస్తున్న రోజులు. ఆ కుర్రాళ్ళ కళ్ళు ఫోన్ల వల్ల కాదు, పగలూ రాత్రీ పుస్తకాల మీద, ట్యూషన్లలో గడిపిన బాల్యం వల్ల అలా అయ్యాయి.

మన పిల్లలు ఆ దారిలోనే నడుస్తున్నారేమో చూసుకోండి. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లల్ని పరీక్షిస్తే నూటికి నలుగురికే హ్రస్వదృష్టి ఉన్నట్టు 2002లో తెలిసింది. అదే ఏడాది వచ్చిన ఢిల్లీ లెక్కలో ఏడుగురికి ఉంది. 2015లో వచ్చిన ఢిల్లీ బడిపిల్లల లెక్కలో పదమూడు మందికి.

చదువు మాన్పించమని ఎవరూ చెప్పరు, ఆడపిల్లకి అసలే చెప్పకూడదు. కానీ ఇంటర్ హాస్టళ్ళ సంగతి మీరెరుగుదురు. తెల్లారకముందే లేపి స్టడీ అవర్. పగలంతా క్లాసులు. మళ్ళీ రాత్రి పదిదాకా స్టడీ అవర్. ఆదివారం పరీక్ష. రెండేళ్ళపాటు పిల్ల ఎండపొడ చూడదు. చేర్చేముందు మనం ఏం అడుగుతాం? పప్పు ఎలా ఉంటుంది, పెరుగు వేస్తారా, బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయా అని అడుగుతాం. ఈసారి ఇంకొకటి కూడా అడగండి. "గ్రౌండ్ ఉందా? సాయంత్రం గంటసేపు పిల్లల్ని బయటికి వదులుతారా?" అని. వదలం అంటే, ఆ వదలకపోవడం గురించి పదిమంది తల్లులు కలిసి అడిగితే వినకపోరు. ఫీజు కట్టేది మనమే కదా.

ఉద్యోగంలో చేరిన పిల్లలదీ ఇదే కథ. పొద్దున్న కంప్యూటర్ ముందు కూర్చుంటే చీకటి పడ్డాక లేస్తారు. ఇంటికొచ్చి మంచం మీద పడుకుని ఫోన్. ఫోన్లూ కంప్యూటర్ల మీద 2025లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 45 అధ్యయనాల్ని కలిపి చూసి, రోజుకి ఒక గంట తెర పెరిగేకొద్దీ హ్రస్వదృష్టి ఉండే అవకాశం 21 శాతం పెరుగుతోందని చెప్పింది. పుస్తకమైతే ఒక జానెడున్నర దూరంలో పట్టుకుంటాం. ఫోను ముక్కుకి ఆనిస్తాం, అదీ తేడా. మోచెయ్యి బల్ల మీద ఆనించి పిడికిలి చెంపకి పెట్టుకుంటే ఎంత దూరమో, పుస్తకానికైనా ఫోనుకైనా కనీసం అంత దూరం ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి కిటికీలోంచి దూరంగా చూడమనండి. కంటి అలసట తీరడానికి అది బాగా పనిచేస్తుంది.

పొన్నగంటి కూర తింటే తగ్గుతుందా?

అత్తగారు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. పొన్నగంటి కూర, మునగాకు, క్యారెట్, బొప్పాయి, ఇవన్నీ మంచివే, వారానికి మూడు నాలుగుసార్లు వండండి. వీటిలో విటమిన్-ఏ తయారయ్యే పదార్థం ఉంటుంది, అది చాలకపోతే రేచీకటి వస్తుంది. కానీ పొడుగు సాగిన కన్ను కూరతో పొట్టిదవదు. మైనస్ నెంబరు తగ్గించే ఆకుకూర లేదు. తగ్గిస్తామని అమ్మే చుక్కల మందులూ వ్యాయామాలూ చూస్తే డబ్బులు దాచుకోండి. నెంబరు పెరిగే వేగాన్ని తగ్గించడానికి పిల్లలకి అట్రోపిన్ చుక్కలు బాగా పల్చగా చేసి వాడుతున్న మాట నిజమే గానీ, అది కంటి డాక్టరు చూసి రాయవలసిన మందు.

"కళ్ళజోడు అలవాటైతే నెంబరు పెరిగిపోతుంది, అప్పుడప్పుడే పెట్టుకో" అనడం కూడా తప్పే. కావలసినదానికన్నా తక్కువ నెంబరు అద్దాలిచ్చి చూసిన మలేషియా పరిశోధనలో, ఆ పిల్లలకే నెంబరు ఇంకాస్త ఎక్కువ పెరిగింది.

ఇంకొక సరదా సంగతి. పసిపిల్లల గదిలో రాత్రి బెడ్‌లైట్ వేస్తే పెద్దయ్యాక సైటు వస్తుందని 1999లో ఒక పరిశోధన వచ్చి ప్రపంచమంతా గగ్గోలైంది. మరుసటి ఏడాదే అది నిలబడదని తేలింది. సైటున్న తల్లిదండ్రులే రాత్రిళ్ళు తమకి కనబడడం కోసం లైటు ఎక్కువగా వేసుకుంటారట. పిల్లలకి సైటు వాళ్ళనుంచి వచ్చింది, బల్బునుంచి కాదు! మీ ఇంట్లో ఆ బెడ్‌లైట్ వల్లే అని ఇన్నాళ్ళూ ఎవరైనా మిమ్మల్ని సాధించి ఉంటే, ఈ పేజీ చూపించండి.

పెళ్ళిచూపులకి ముందు

పెళ్ళిచూపుల రోజు "కళ్ళజోడు తీసి కూర్చో" అనే తల్లులు ఇంకా ఉన్నారు. పిల్లకి అవతల కూర్చున్న అబ్బాయి ముఖం మసగ్గా కనిపిస్తుంది. జీవితాంతం కలిసి ఉండవలసిన మనిషిని సరిగ్గా చూడకుండానే తల ఊపాలన్నమాట. సైటున్న పిల్లకి సైటుందనే చెప్పండి. దాస్తే రేపు ఆ పిల్ల అత్తవారింట్లో కళ్ళజోడు లేకుండా పాలు పొంగించుకుంటూ, మెట్లు తడుముకుంటూ తిరగాలి.

లేజర్ ఆపరేషన్ చేయించేస్తే సరి అంటారా? చేయించవచ్చు. కానీ పద్దెనిమిది నిండాలి, కనీసం ఏడాదిపాటు నెంబరు కదలకుండా ఉండాలి, నల్లగుడ్డు పైపొర మందం సరిపోవాలి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు చెయ్యరు. ముహూర్తం పెట్టుకుని, నెంబరు ఇంకా పెరుగుతుండగానే పరుగెత్తి చేయించుకుంటే మళ్ళీ కళ్ళజోడు రావచ్చు. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, లేజర్ కంటి ముందుభాగాన్ని చెక్కుతుంది, అంతే. వెనక సాగిన కన్ను, పల్చబడిన రెటీనా అలాగే ఉంటాయి. అద్దాలు పోయినా ఏటేటా రెటీనా పరీక్ష పోదు. అబ్బాయి రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి వెళ్దామనుకుంటే ఇంకా జాగ్రత్త. దానికి కళ్ళజోడు లేని చూపు కావాలి, లేజర్ చేయించుకున్నవాళ్ళనీ తీసుకోరు.

అన్నీ చదువు వల్లే కాదు

ఉన్నట్టుండి వారం పదిరోజుల్లో దూరం మసకబారితే షుగర్ చూపించండి. రక్తంలో చక్కెర బాగా పెరిగినప్పుడు కటకం ఉబ్బి తాత్కాలికంగా మైనస్ వస్తుంది. ఇరవైల్లో షుగర్ ఏమిటనుకోకండి. గర్భంలో కూడా నెంబరు కొద్దిగా మారవచ్చు, కాన్పయి కొన్నాళ్ళు గడిచాక సర్దుకుంటుంది. అంచేత అప్పుడు కొత్త అద్దాలకి తొందరపడనక్కర్లేదు. అయితే నెలలు నిండేటప్పుడు తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, చూపు మసక కనిపిస్తే అది నెంబరు సంగతి కాదు, బి.పి. ప్రమాదం. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

పిల్ల ఎప్పుడూ కళ్ళు నులుముకుంటూ, ఆరునెలలకోసారి నెంబరు మారుతూ, అందులో సిలిండర్ నెంబరు ఎక్కువగా పెరుగుతుంటే కెరటోకోనస్ ఉందేమో చూడమని అడగండి. నల్లగుడ్డు పల్చబడి శంకువులా ముందుకి వచ్చే జబ్బు అది. పదిహేను నుంచి పాతికేళ్ళ లోపువాళ్ళలో ఎక్కువగా బయటపడుతుంది. తొందరగా పట్టుకుంటే ముదరకుండా ఆపే చికిత్స ఉంది. ముందు నులుముకోవడం మాన్పించాలి.

ఎక్కువ నెంబరున్నవాళ్ళకి కంటి ముందు ఒక్కసారిగా నల్లచుక్కలు కుప్పగా తేలినా, మెరుపులు మెరిసినా, ఒక పక్కనుంచి తెర జారుతున్నట్టున్నా, నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా ఆగకండి. రెటీనా ఊడడానికి గుర్తులవి. ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మీ అమ్మాయి సెలవులింకా అయిపోలేదు కదా. అద్దాల షాపులో కంప్యూటర్ మీద గడ్డం ఆనించి చూసే పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి. రాత్రంతా చదివి వచ్చిన కుర్రకళ్ళు బిగుసుకుని ఉంటాయి, లేని మైనస్ చూపిస్తాయి. చుక్కల మందు వేసి, పాప పెద్దది చేసి చూడమని డాక్టరుని అడగండి. రెటీనా కూడా అప్పుడే చూస్తారు. పాత చీటీలు, పాత కళ్ళజోడు వెంట తీసుకెళ్ళండి, ఏడాదిలో ఎంత పెరిగిందో లెక్క తెలుస్తుంది. మీ ఇద్దరికీ సైటుంటే ఆ మాటా చెప్పండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు, ఒక్కోసారి మర్నాటిదాకా అక్షరాలు ఆనవు, వెలుతురు చూస్తే కళ్ళు చెదురుతాయి. పిల్లని స్కూటర్ నడపనివ్వకుండా ఆటోలో తీసుకురండి. హాస్టల్‌కి తిరిగి వెళ్ళే ముందురోజు మాత్రం పెట్టుకోకండి, వెళ్ళగానే పరీక్ష ఉంటుంది.